ఈ మందిరంలో క్యారీ నిషేధం

తుపాకుల కొట్టు నడిపే పెద్దమనుషులారా, ఈ కథలో ముద్దాయిలు మీరే. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి ఊరించే ఓపిక నాకు లేదు. అరవై దాటిన ఆడమనిషి మీ గుమ్మం ఎక్కగానే మీ చెయ్యి దానంతటదే గులాబీ రంగు పిడి ఉన్న రివాల్వరు మీదికి పోతుంది. ఆమె ఎందుకొచ్చిందో అడగరు. ఆమె వేళ్ళు చూడరు. నోట్లో పాఠం ఉంది గనక అప్పజెప్పేస్తారు. క్లోవర్ ఫోర్క్ ఊళ్ళో ఆ ఆదివారం ఒక పాస్టరు పరువూ, ఒక పోలీసు డిప్యూటీ యూనిఫారమూ, ఒక పెద్దాయన పొట్టమీది చర్మమూ పోయాయంటే మూలం మీ పాఠమే. కాదంటారా? అయితే వినండి.

శనివారం పొద్దున వెల్డా క్రైడర్ వేసుకున్న పథకం చాలా మామూలుది. పదింటికి లోవెల్ స్ట్రౌబ్ కొట్టుకి వెళ్ళి నడుము దగ్గర దాచుకునేంత చిన్న రివాల్వరు ఒకటి కొనాలి. పదకొండింటికి ఇంటికొచ్చి కోడిమాంసం ఉడకేసి, నూడుల్స్ కోసం పిండి కలపాలి. మధ్యాహ్నం చర్చికి వెళ్ళి మర్నాటి భోజనాల లిస్టు చూసుకోవాలి. ఈ మూడిట్లో రివాల్వరుకే తక్కువ టైము పడుతుందని ఆమె అనుకుంది.

వెల్డాకి అరవై ఏడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఇప్పుడు హైవే పక్కన బిళ్ళలు వేస్తే బట్టలు ఉతికే మిషన్ల లాండ్రీ నడుపుతోంది. రోజూ ఆరింటికి ఒక్కతే వెళ్ళి తలుపు తెరుస్తుంది. వేసవికి ముందు డార్విన్ టీగ్ అనేవాడు గడ్డపారతో ఆ మిషన్ల చిల్లర పెట్టెలు పగలగొట్టాడు. ఆమె చూసింది, కోర్టులో చెప్పింది. వాడిని జైలుకి తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి, "బయటికి రాగానే మొదట నీ దగ్గరికే వస్తా" అన్నాడు. వాడు బయటికొచ్చేది ఈ సోమవారం తెల్లవారుజామున.

ఇంతవరకు ఊరంతటికీ తెలుసు. ఊరికి తెలియంది వెల్డా కుడిచేతి చూపుడువేలు సంగతి. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టుకుని ఆ వేలి కణుపులు వాచిపోయాయి. లాండ్రీలో మరకల మందు సీసా మీట నొక్కాలన్నా రెండో చెయ్యి సాయం కావాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. వేలు పనిచేయడం లేదంటే ఆ ఊరు ముందు కారు తాళం అడుగుతుంది, తర్వాత లాండ్రీ తాళం, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతిలో ఉన్న చర్చి వంటగది తాళం.

లోవెల్ ఆమెతో కలిసి బడికి వెళ్ళినవాడు. కొట్లో పొయ్యి దగ్గర కాఫీ తాగుతూ ఇద్దరు మగవాళ్ళున్నారు. వాళ్ళు ఏమీ కొనరు, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. వెల్డా గడప దాటిందో లేదో లోవెల్ అద్దాల బల్ల కింద నుంచి గులాబీ రంగుది తీసి మెత్తటి గుడ్డమీద పెట్టాడు. పిట్టంత ఉంది.

వెల్డా దాన్ని తీసుకుని గోడకేసి గురిపెట్టి నొక్కింది. మీట కదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ నొక్కింది. కదల్లేదు. తుమ్ము వచ్చినట్టు నటించి బల్లమీద పెట్టేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు లోవెల్.

"ఆలోచిస్తున్నా."

"ఆలోచించడానికేముంది వెల్డా. అంత తేలికది ఇంకోటి లేదు. సంచిలో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు నీకు."

"నాకే తెలియకపోతే అవసరానికి ఎవర్ని అడగనురా? నిన్నా?"

పొయ్యి దగ్గర వాళ్ళకి ఊపొచ్చింది. ఒకడు తూటాని కొట్టే సుత్తి బయటికి ఉండాలన్నాడు, వేలితో వెనక్కి లాగి పేల్చుకోవచ్చని. రెండోవాడు సుత్తి బయటికుంటే తీసేటప్పుడు జేబులో చిక్కుకుంటుందన్నాడు. లోవెల్ తన దగ్గర సుత్తి లేనివి నాలుగు రకాలున్నాయన్నాడు. ఎంతసేపటికీ తెగలేదు. ఆ కొట్లో సుత్తి లేని రివాల్వర్లు నాలుగున్నాయి గాని సుత్తి కొట్టని మగవాడు ఒక్కడూ లేడు. వెల్డా గట్టిదేదైనా, బరువైనదేదైనా చూపించమని రెండుసార్లు అడిగింది. బరువైనవి మగవాళ్ళవి అన్నాడు లోవెల్, ఆమె తన పంట్లాం అడిగినట్టు చూస్తూ. శనివారం పన్నెండింటికి చేపలు పట్టడానికి వెళ్ళాలి గనక కొట్టు మూసేశాడు. వెల్డా ఉత్త చేతులతో బయటపడింది. సోమవారం పొద్దుటికి రెండు రోజులు కూడా లేవు.

అక్కణ్ణుంచి తిన్నగా చర్చికి వెళ్ళింది. లిస్టూ, ఫోనూ ఆఫీసు గదిలో ఉంటాయి.

ఇక్కడ ఒక మాట అర్థం కావాలి. ఆ జిల్లాలో ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికో గిన్నె తెచ్చుకుని అందరూ కలిసి తినే భోజనాన్ని క్యారీ అంటారు. తాతలనాటి మాట. అమెరికాలో మిగతాచోట్ల క్యారీ అంటే బట్టల కింద పిస్తోలు పెట్టుకుని తిరగడం. ఊరివాళ్ళకి రెండు అర్థాలూ తెలుసు, ఎప్పుడు ఏదో తడుముకోకుండా తెలుసు. పాస్టర్ ఫిన్లేకి ఒకటే తెలుసు. ఆయన అరిజోనా నుంచి వచ్చి మూడు వారాలయింది. మంచివాడే. కాకపోతే తనకు ముందున్న పాస్టరు ప్రతిదానికీ "ఇదెందుకు, అదెందుకు" అని అడిగి అడిగి ఊరికి బరువైపోయాడని విన్నాడు. అందుకని ఏదీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆయన పక్కగదిలో ప్రసంగం రాసుకుంటున్నాడు. గోడ పలచన. వెల్డా గొంతు బస్సు వెనక సీటు దాకా వినబడేలా తయారైన గొంతు.

"రేపు క్యారీకి పెద్దదే తీసుకురా. పోయినసారి నువ్వు తెచ్చింది ఇద్దరికి కూడా చాల్లేదు," అంటోంది ఎవరితోనో.

ఫిన్లే కలం ఆగింది.

తర్వాతి ఫోనులో, ఎండలో కారులో వదిలెయ్యొద్దనీ, కిందటేడు అలా వదిలేసినదాని దెబ్బకే ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారనీ గుర్తుచేసింది. వాళ్ళు పోలేదు గనక సరిపోయిందంది. ఇంకొకామెకి ఈసారి ముందు మీ ఆయన మీద ప్రయోగించి చూసి తీసుకురమ్మని చెప్పింది. ఆ తర్వాత ఎవరో తన సంగతి అడిగినట్టున్నారు, గొంతు తగ్గించింది. తగ్గించినా వినబడింది. "లోవెల్ కొట్టుకెళ్ళానే. వాడు చూపించేవన్నీ పిట్టలు. నాకు సోమవారం లోపు కావాలి. ఏదో ఒకటి నా చేతికి ఆడితే చాలు, ఎవడొస్తాడో రానీ."

ఆమె వెళ్ళిపోయాక ఫిన్లే ఆఫీసు గదిలోకి వచ్చి గోడకున్న కాగితం చూశాడు. పైన 'క్యారీ' అని పెద్ద అక్షరాలు. కింద నలభై ఒక్క పేర్లు. వెల్డాకి ఎవరేం వండుతారో కొట్టినపిండి, కొలతలే రాసుకుంటుంది. కాబట్టి పేర్లకి ఎదురుగా 'పెద్దది', 'రెండు', 'చిన్నది, మూత బిగుసుగా' అని ఉంది. ఆఖర్న ఎనభై మూడేళ్ళ ఇడెల్లా బాక్‌మన్ పేరుంది. ఎదురుగా 'ఎప్పటిదే' అని ఉంది.

ఆయన కూర్చుండిపోయాడు. ఊరివాళ్ళని అడగకూడదు. చర్చికి సంబంధం లేనివాడు, తుపాకుల సంగతి తెలిసినవాడు లోవెల్ గుర్తొచ్చాడు. ఫోను చేశాడు. చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చున్న లోవెల్‌ని, రేపు మా వాళ్ళంతా క్యారీ అంటున్నారు, నిజమేనా అని అడిగాడు.

"నిజమేనండీ, మా తాతల నాటి నుంచీ ఉన్నదే," అన్నాడు లోవెల్. "మీరూ ఏదో ఒకటి పట్టుకెళ్ళండి పాస్టరు గారూ. అందరూ తెస్తే మీరొక్కరూ చేతులూపుకుంటూ పోతే బాగోదు. పిల్లలు కూడా తెస్తారు."

ఆ పిల్లలన్న మాటతో ఫిన్లే ఇక ఊరుకోలేకపోయాడు. ధైర్యం తెచ్చుకుని ఒక అట్టమీద నల్ల సిరాతో రాశాడు. 'ఈ మందిరంలో రేపటి నుంచి క్యారీ నిషేధం. ఎవరూ ఏదీ లోపలికి తేరాదు. గుమ్మం దగ్గర డిప్యూటీ తనిఖీ చేస్తాడు.' దాన్ని పెద్ద తలుపుకి కొట్టి, షెరీఫు ఆఫీసుకి ఫోను చేసి ఒక మనిషిని పంపమన్నాడు. అక్కడివాళ్ళు కారణం సరిగ్గా వినలేదు. చర్చివాళ్ళు అడిగితే పంపడం అలవాటు.

సాయంత్రానికల్లా ఆ అట్టను ఊరంతా చదివింది. చదివిన ప్రతివాళ్ళకీ ఒకటే అర్థం తట్టింది. కొత్త పాస్టరు భోజనాలు ఆపించాడు.

పిండి కలుపుతున్న వెల్డాకి పదకొండు ఫోన్లు వచ్చాయి. మొదటి ఫోనులో పాస్టరు భోజనం వద్దన్నాడు. మూడో ఫోనుకి మన వంటలు శుచిగా ఉండవన్నాడు. ఆరో ఫోనుకి అరిజోనాలో నూడుల్స్ తినడం పాపమట. పదో ఫోనుకి ఆయన అసలు మాంసమే ముట్టడు, పెళ్ళాం అందుకే ఇంకా ఈ ఊరు రాలేదు. వెల్డా ప్రతి ఫోనూ ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో వేలికి సాధనగా మరకల మందు సీసా మీట నొక్కుతూ విన్నది. పదిసార్లు నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఆ రాత్రి ఆమెకి నిద్ర చెడవలసింది డార్విన్ టీగ్ గురించి. వచ్చి పడింది మాత్రం నలభై ఒక్క గిన్నెల గొడవ.

పదకొండో ఫోనుకి ఓపిక చచ్చిపోయింది. "ఆయన తేవద్దంటే మానేస్తామా? ఇరవై రెండేళ్ళ నుంచి నేను పెడుతున్నా. కోట్లు వేసుకోండి. లోపల దాచి తీసుకొచ్చేయండి. వంటగదిలోకి వచ్చిపడ్డాక ఆయన చేసేదేముంది," అంది. ఆ మాట అరగంటలో అన్ని ఇళ్ళకీ చేరింది.

అక్టోబరు మొదటివారం, ఆకులు కూడా సరిగ్గా రాలని ఎండ. ఆదివారం పొద్దున క్లోవర్ ఫోర్క్ చర్చికి నలభై ఒక్క కుటుంబాలూ మంచు కోట్లు వేసుకుని వచ్చాయి. కడుపుతో ఉన్నవాళ్ళలా నడుస్తున్నారు, మగవాళ్ళు కూడా. గుమ్మంలో డిప్యూటీ కెంటన్ నిలబడ్డాడు, అతని వెనక ఫిన్లే. ఒక్కొక్క కోటు కిందా ఎత్తుగా, గట్టిగా ఏదో ఉంది. ఒక్కొక్కరూ దాన్ని రెండు చేతులా అదుముకుంటున్నారు.

ముందు ఇడెల్లా వచ్చింది, భుజానికి అల్లిన సంచితో. కెంటన్ టోపీ తీసి, "మీరు పదండి అమ్మమ్మా, మిమ్మల్నెవరు చూస్తారు," అని దారి వదిలాడు. ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

తర్వాత వెల్డా.

"మిస్ వెల్డా, కోటు కొంచెం విప్పండి."

"కెంటన్, నువ్వు నా బస్సులో మూడో సీట్లో కూర్చుని సోమవారం సోమవారం వాంతి చేసుకునేవాడివి. నేను ఎప్పుడైనా నీ జేబులు వెతికానా?"

ఫిన్లే వెనకనుంచి, వదలొద్దు, ఆమే వీళ్ళకి నాయకురాలు అన్నాడు. కెంటన్ ఏం చేయాలో తెలియక ఆమె వెనక ఉన్న పెద్దాయన వైపు తిరిగాడు. ఆ పెద్దాయన చెమటలు కక్కుతున్నాడు. కోటు కింద ఏముందని అడిగాడు కెంటన్.

"ముట్టుకోకు నాయనా. ఇంకా వేడిగా ఉంది."

ఫిన్లే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇప్పుడే పేల్చి వచ్చాడన్నమాట. పక్కనున్న ఆవిడని అడిగాడు, మీ దాంట్లో ఎన్ని పడతాయని.

"పన్నెండండీ. మా చెల్లెలిదైతే ఇరవై నాలుగు పడతాయి," అందామె గర్వంగా.

సరిగ్గా అప్పుడే పెద్దాయన పొట్ట ఓర్చుకోలేకపోయింది. అయ్యో అని వంగిపోయాడు. కోటు గుండీలు తెగాయి. పర్సిమన్ పళ్ళతో చేసిన పుడ్డింగు పళ్ళెం జారి కెంటన్ యూనిఫారం మీదుగా బూట్లదాకా ఒక గోధుమరంగు దారి వేసింది. దాన్ని పట్టుకోబోయి పన్నెండు పట్టేదాన్ని పక్కనున్న ఆవిడ వదిలేసింది. పన్నెండు గుడ్లు, సగాలుగా కోసి పచ్చసొన నింపినవి, పాస్టరు కాళ్ళదాకా దొర్లాయి.

ఫిన్లే వంగి ఒక గుడ్డు తీశాడు. తిప్పి చూశాడు. ఇదేమిటని అడిగాడు, ఆ ఊళ్ళో మూడు వారాల్లో అడిగిన మొట్టమొదటి సరైన ప్రశ్న.

"క్యారీ అండీ," అంది వెల్డా. "ఏం, మీ ఊళ్ళో భోజనాలు చెయ్యరా?"

ఆయనకి అర్థం కావడానికి మిగతా నలభై కోట్లూ విప్పాల్సి వచ్చింది. ప్రతి గిన్నె దగ్గరా ఆయన క్షమాపణ చెప్పాడు, ప్రతివాళ్ళూ ఆయన పళ్ళెంలో ఒక గరిటె వేశారు. ఏ ఒక్కటి వద్దన్నా మళ్ళీ మాట వస్తుంది. అట్ట ఎవరు పీకారో తెలియదు. ప్రసంగం ఆ వేళ ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఆ చర్చి చరిత్రలో జనం మెచ్చుకున్న ప్రసంగం అదొక్కటే.

భోజనాలు సాగుతున్నాయి గాని వెల్డా తినలేదు. వంటగదిలో తలుపు దగ్గరికి వేసుకుని గిన్నెలు తోముతోంది. గరిటె పట్టు జారి రెండుసార్లు తొట్లో పడింది. వెనక ఇడెల్లా ఉందని ఆమెకి తెలియదు.

"ఆ వేలు ఎన్నాళ్ళ నుంచే?" అంది ఇడెల్లా.

వెల్డా ఏదో అబద్ధం ఆడబోయింది. ఇడెల్లా చెయ్యెత్తి ఆపి, బల్లమీద సంచి పెట్టింది. చిక్కుళ్ళ గిన్నె తీసింది. దాని కింది తువ్వాలు తీసింది. తువ్వాలు కింద పొట్టి ఉక్కు రివాల్వరు ఒకటి ఉంది. నల్లరంగు పోయి అంచులు వెండిలా మెరుస్తున్నాయి, చెక్క పిడి అరిగి నున్నబడింది. ఆమె దాని తూటాల గూడు పక్కకి తిప్పి, తూటాలు ఐదూ ఖాళీ చక్కెర గిన్నెలో వేసి, లెక్క చూసి, గూడు మళ్ళీ వెలుతురుకి పెట్టి చూసుకుని అప్పుడు ఇచ్చింది.

మొగుడు మొదట తనకీ ఈకలాంటిదే కొనిపెట్టాడని చెప్పింది. పొలంలో డబ్బా మీద పేలిస్తే డబ్బా కదల్లేదు, అది మాత్రం ఎగిరొచ్చి తన నుదుటికి కొట్టిందిట, ఆరు కుట్లు. "తేలికది జేబుకి సుఖమే, చేతికి నరకం. బరువుది తన్నదు. పిడి చేతినిండా ఉండాలి, మీట మెత్తగా ఉండాలి. ఈ మూడూ చూడు, రంగు చూడకు. గోడకేసి పెట్టి నొక్కు."

వెల్డా గోడకి పెట్టింది. మీట కదిలింది. టక్. ఆమె ఇడెల్లా మొహం చూసింది, మళ్ళీ నొక్కింది. టక్. ఐదుసార్లూ, మళ్ళీ ఐదుసార్లూ నొక్కింది. రెండో చెయ్యి ఆమె నడుము దగ్గరే ఉండిపోయింది, దాన్ని ఎవరూ పిలవలేదు.

"ఇన్నేళ్ళ నుంచీ చర్చికి ఇది తెస్తున్నావా?"

"ముప్ఫై నాలుగు. ఏ పాస్టరూ దీని సంగతి అడగలేదు. వీడు అడిగాడు, కానీ నా సంచి చూడలేదు. మధ్యాహ్నం పొలానికి రా, తూటాలు వేసి పేల్చుదువు గాని. తర్వాత నీ దగ్గరే ఉంచుకో, నీది కొనుక్కునేదాకా."

తలుపు తెరుచుకుంది. ఫిన్లే ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు ముసలమ్మల్నీ, వాళ్ళ మధ్య ఉన్నదాన్నీ చూశాడు. నిన్నటినుంచి ఆయన భయపడ్డది నలభై ఒక్కటి, నిజంగా ఉన్నది ఒకటి, అది కూడా డిప్యూటీ టోపీ తీసి లోపలికి పంపినది.

"పాస్టరు గారూ," అంది వెల్డా, "దీన్ని కూడా క్యారీ అనే అంటాం."

ఆయన లోపలికొచ్చి తలుపు వేశాడు. తర్వాత చక్కెర గిన్నె మీద మూత పెట్టి, ఇంకెవరైనా కాఫీలో వేసుకుంటారేమో చూసుకోండమ్మా అని, పుడ్డింగు ఇంకా మిగిలిందా అని అడిగాడు.

సోమవారం ఆరుంబావుకి డార్విన్ టీగ్ లాండ్రీకి వచ్చాడు. వెల్డా గల్లా బల్ల వెనక కూర్చుని ఉంది, ముందు రోజు మధ్యాహ్నం పొలంలో ముప్ఫై తూటాలు పేల్చిన చేతిని ఏప్రన్ కింద పెట్టుకుని. వాడి భుజాన పెద్ద మూట ఉంది. ఆమె చూపుడువేలు వాచే ఉంది.

"వస్తానన్నా కదా," అన్నాడు వాడు నేల చూస్తూ. "ఆర్నెల్లయింది సరిగ్గా ఉతికి. ఇంకెక్కడికీ రానివ్వరు నన్ను. ఏ మిషను వాడుకోమంటారు?"

వెల్డా ఎడంచేత్తో నాలుగోది చూపించింది. వాడు బిళ్ళలు వేసి, గంటసేపు గోడకానుకుని కూర్చుని, బట్టలు మడత పెట్టుకుని, తలుపు మెల్లగా వేసి వెళ్ళాడు. ఏప్రన్ కిందిది బయటికి రాలేదు. రాకపోవడమే దాని పని. కానీ వస్తే పనిచేస్తుందని ఆమెకి తెలుసు గనకే ఆమె ఆ గంటా కుర్చీలో నిటారుగా కూర్చోగలిగింది. తెలియకపోతే ఎలా కూర్చునేదో మీకేమైనా తెలుసా లోవెల్ గారూ?

అందుకని ఇప్పుడు చేయవలసింది చెప్తున్నాను, రాసుకోండి. రేపు పొద్దున్నే మీ కొట్లో అద్దాల బల్ల ముందు ఒక కుర్చీ వేయండి. ఆడమనిషి వస్తే ఆమెను అందులో కూర్చోబెట్టండి. ఎందుకు కావాలో అడగండి. వేళ్ళు ఎలా ఉన్నాయో అడగండి, సిగ్గుపడకుండా చెప్పేలా అడగండి. తూటాలు లేవని ఆమె కళ్ళముందే చూపించి, బరువైనవీ తేలికవీ అన్నీ బల్లమీద పెట్టి ఒక్కొక్కటీ పదేసిసార్లు నొక్కనివ్వండి. కొనేముందు ఒకసారి పేల్చి చూసుకునే చోటు చూపించండి. పొయ్యి దగ్గరున్న ఇద్దర్నీ ఇళ్ళకి పంపేయండి, వాళ్ళ ఇళ్ళు ఎక్కడో తెలియకపోతే కనుక్కోండి. ఇదంతా జరిగేంతసేపూ నోరు తెరవకండి.

ఆ తర్వాత మీరు మాట్లాడవచ్చు, అప్పటికి ఆమె ఇంకా కొట్లోనే ఉంటే.